పద్మనాభంగారి పాస్‌వర్డ్

మంగళవారం హత్యకు గురైన పద్మనాభంగారు గురువారం మధ్యాహ్నం మెయిల్ పంపారు.

"కస్తూరి తల్లీ, అయిదింటికి బేర్ సరాయ్ పుస్తకాల షాపు దగ్గరికి రా."

ఆయన సీట్లో కూర్చుని సెంట్ ఫోల్డర్ చూస్తున్న నిరంజన్ దాన్ని రెండోసారి చదివాడు. ఆయన పోయాక వెళ్లిన మెయిల్స్‌లో అది మూడోది. అదే పిలుపు, అదే ముక్తసరి ధోరణి. తొమ్మిదేళ్ల నిఘా ఉద్యోగంలో శవాలను చూశాడు గాని, ఉత్తరాలు రాసే శవాన్ని చూడలేదు.

కస్తూరి ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉంటుంది. ఒక విదేశీ ముఠా నడిపే కంపెనీలో పైకి రిసెప్షనిస్టు, లోపల మన ఏజెంట్. సంప్రదింపులన్నీ మెయిల్లోనే. భద్రత పేరుతో ఆమె ఫోన్ నంబర్ ఎవరూ ఉంచుకోలేదు. పద్మనాభంగారు పోయిన సంగతీ ఆమెకు తెలియదు.

ఆమె ఆ షాపుకి వెళ్తే తిరిగి రాదని చీఫ్ శేషగిరి ఒక్క ముక్కలో తేల్చేశాడు. పాస్‌వర్డ్ ఎలా బయటికి పోయిందని అడిగాడు.

"నా వల్లే సార్," అన్నాడు నిరంజన్.

ఆ ఆఫీసులో మెయిల్ చూసేది నల్ల స్క్రీన్ మీద, టెర్మినల్లో. రెండేళ్ల క్రితం పద్మనాభంగారికి దాన్ని సెటప్ చేసింది నిరంజనే. తొందరలో పాస్‌వర్డ్‌ను సెట్టింగ్స్ ఫైల్లో ఉన్నదున్నట్టు రాసేశాడు. కొత్తగా చేరినవాళ్లు సీనియర్ ఫైల్ కాపీ కొట్టి, పేరూ పాస్‌వర్డూ మార్చుకోవడం అక్కడి ఆనవాయితీ. పోయిన నెల పద్మనాభంగారి ఫైల్ అడిగింది కొత్తగా చేరిన నేహా ఒక్కతే. ఆ నవ్వుకి ఆఫీసు సగం దాసోహం. "ప్లీజ్ అంకుల్" అంటే కాదనలేకపోయాడు పాపం పెద్దాయన. సోమవారం నుంచి ఆమె సెలవులో ఉంది.

నిరంజన్ ముందు సర్వర్లో పాస్‌వర్డ్ మార్చాడు. కొత్తదాన్ని జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, తాళం లేనివాళ్లు చదవలేకుండా చేశాడు. సెట్టింగ్స్ ఫైల్లో ఇప్పుడు పాస్‌వర్డ్ లేదు, తాళం అడిగి దాన్ని తెరిచే కమాండ్ మాత్రమే ఉంది. అయిదు నిమిషాల పని. వెనక్కి వెళ్లిపొమ్మని కస్తూరికి మెయిల్ పెట్టాడు. జవాబు లేదు.

అయిదుకి రెండు నిమిషాలు. బేర్ సరాయ్ ఇరుకు సందులో, కోచింగ్ పాంప్లెట్లు పంచేవాడి వేషంలో నిరంజన్. షాపు ముందు తెల్ల కారు. తెరిచిన డోర్ పక్కన నేహా.

"అంకుల్ వేరేచోట వెయిట్ చేస్తున్నారు. ఆయియే దీదీ, ఎక్కండి."

కస్తూరి ఒక కాలు కార్లో పెట్టింది. నిరంజన్ గుంపును తోసుకుంటూ వెళ్లి ఆమె చేతిలో పాంప్లెట్ కుక్కాడు. దాని మీద పెన్నుతో రాసి ఉంది: "ఆయన మంగళవారమే పోయారు."

కస్తూరి కాలు వెనక్కి తీసుకుంది. నేహా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లేలోపే పాంప్లెట్ల కట్ట కింద నుంచి నిరంజన్ పిస్టల్ ఆమె నడుముకి తగిలింది. మఫ్టీ మనుషులు సందు రెండు వైపులా మూసేశారు.

కస్తూరి షాపు మెట్టు మీద కూలబడింది.

"మరి రెండ్రోజుల్నించి నన్ను తల్లీ అన్నదెవరండీ?"

నిరంజన్ నేహా వైపు చూపించాడు.

ఆ సాయంత్రం చీఫ్ హుకుం మీద నిరంజన్ ఆఫీసులోని మిగతా మెషీన్లు తనిఖీ చేశాడు. పదకొండు. అన్నిట్లోనూ పాస్‌వర్డ్ బట్టబయలుగానే ఉంది. దానిపైన ఒక లైను: "తాత్కాలికం. రేపు సరిచేస్తాను. నిరంజన్." కాపీ కొట్టినవాళ్లంతా తమ వివరాలు శ్రద్ధగా మార్చుకున్నారు గాని, అతని సంతకం మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు.