చుట్టానికి పంపిన చిత్తు

చంద్రుడి మీద రబ్బరుతో చెరిపితే ఆ పొట్టు వెంటనే కింద పడదు. ఒళ్ళు విరుచుకుంటూ తీరిగ్గా దిగుతుంది. నూకరత్నం బల్ల చుట్టూ అది రోజంతా దిగుతూనే ఉండేది.

ఇరవై రెండో శతాబ్దం వచ్చేసరికి భూమ్మీద పెన్సిలు పట్టేవాళ్ళు దాదాపు లేరు. బొమ్మను తలుచుకుంటే చాలు, తలకు కట్టుకున్న ఊహాలేఖిని దాన్ని సాపు చేసి గోడ మీద చూపించేది. బస్సు వేళల నుంచి కోర్టు తీర్పుల దాకా అన్నీ గళ్ళ బొమ్మల కథలే. బొమ్మల కథలు చేత్తోనే గీసే అనకాపల్లి నూకరత్నం మాత్రం పుట సాపు చేసే ముందు అగ్గిపెట్టె అంత కాగితాల మీద చిత్తులు వేసుకునేది. పుటలో ఎన్ని గళ్ళు, ఏ గడి పెద్దది, చదివేవాడి చూపు ఎక్కడ దిగి ఎక్కడ మలుపు తిరగాలి, అంతా అక్కడే తేలాలి. ఆ చిత్తుల్లో మనుషులకు కళ్ళూ ముక్కులూ ఉండవు. ఉత్త పుల్లలు.

"ముందు గట్లు వేసుకోవాలండి. నీరు ఎటు పారతాదో తేలకుండా నాటేస్తే ఏటి లాభం?" అనేది.

ఆమెను చంద్రుడి అవతలి వైపున్న పరిశోధనశాలకు పిలిపించింది ఒక చుట్టం కోసం. ఎక్కడో మరో నక్షత్రం దగ్గర బయలుదేరిన నౌక ఒకటి మన సూర్యుణ్ణి చుట్టి వెళ్ళిపోతోంది. జనం దానికి 'చుట్టం' అని పేరు పెట్టుకున్నారు. మనం పంపిన లెక్కలకూ సంగీతానికీ అది పలకలేదు. ఒకే ఒక్కసారి వెలుగు చుక్కలతో ఏదో బొమ్మ మెరిపించి ఊరుకుంది. అంటే బొమ్మలు తెలిసినదన్నమాట. లేజరుతో ఒక్క పుట పంపడానికి వీలుంది. ఈ తడవ దాటిపోతే అది మళ్ళీ రాదు. 'భయం లేదు, కాసేపు ఆగు' అన్న మాట ఆ ఒక్క పుటలోనే చెప్పాలి.

కానీ మన బొమ్మ పరాయి కంటికి ఎలా కనిపిస్తుంది? అది తెలుసుకోవడానికే డాక్టర్ కోదండపాణి ఒక యంత్రాన్ని తయారుచేశాడు. దాని పేరే పరాయి. మామూలు కృత్రిమ మేధకు అన్నీ నేర్పుతారు. కోదండపాణి తన యంత్రానికి ఒక్కొక్కటే మరిపించాడు. ఎడమ నుంచి కుడికి చూడాలన్నది మరిపించాడు. గీత అంటే అంచు అన్నది మరిపించాడు. పళ్ళు కనిపిస్తే నవ్వు అన్నది కూడా తుడిచేశాడు. ఈ పద్ధతికి విస్మరణ శిక్షణ అని పేరు. ప్రాణమున్న ప్రతిదానికీ బతకాలని ఉంటుందన్న ఎరుక ఒక్కటే దానికి మిగిల్చాడు.

నూకరత్నం తన మొదటి చిత్తు దాని కంటి కింద పెట్టింది.

"ఆరుగురు కవలలు. ఆరు బోనుల్లో ఉన్నారు," అంది పరాయి.

"ఒకత్తే తల్లీ! ఆరు గళ్ళలోనూ అదే మడిసి!"

"రెండో బోనులో ఉన్నామెకు నడుం కింద ఏమీ లేదు. నోట్లోంచి తెల్లసంచి బయటికొస్తోంది. జబ్బు చేసిందా?"

కోదండపాణి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మాటల బుడగ నూకరత్నంగారూ! మీ బుడగకు రోగం అంటగట్టింది!"

"నవ్వండి, నవ్వండి. మీ బిడ్డే కదా, మీలాగే మాటాడతంది."

నవ్వు సద్దుమణిగాక ఇద్దరూ ఆ చిత్తు మీదికి వంగారు. ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్న బొమ్మను ఆ పూటే మొదటిసారి చూసినట్టయింది. మనిషి కన్ను కానిది ఒకటి తమ ఎదుట కూర్చుని, మనిషి గీసిన గీతలో మనిషిని వెతుకుతోంది!

గళ్ళ గీతలు తీసేసి, ఒక గడి నుంచి మరో గడికి దారి గీసింది నూకరత్నం. బుడగలు పోయాయి. మనుషులకు నిలువెత్తు కాళ్ళొచ్చాయి. చిత్తు మీద చిత్తు పడుతుంటే కథ తేలింది. కొత్తవాడొకడు ఊరికొస్తాడు. ఊరివాళ్ళు రాళ్ళెత్తుతారు. ఒకావిడ అడ్డం నిలబడుతుంది. ఒక రాయి ఆమెకే తగులుతుంది. ఆమే చివరికి కొత్తవాడికి చెంబుతో నీళ్ళిస్తుంది.

అన్ని దేశాల తరఫునా ఈ పని చూస్తున్న భూమండలి పెద్దలు తెర మీద కనిపించి మొహాలు చిట్లించారు. "ఇంటికొచ్చే చుట్టానికి రాళ్ళు చూపిస్తామా? తీసెయ్యండి."

నూకరత్నానికీ అది సబబే అనిపించింది. పెళ్ళిచూపుల నాడు ఇంట్లో గొడవలు ఎవరు చెప్పుకుంటారు? రాళ్ళు తీసేసి, అందరి చేత చేతులు చాపించి సాపు గీసింది. ఆమె జన్మలో అంత అందమైన పుట గీయలేదు. భూమండలి ముద్ర పడింది. పంపడానికి గంట మిగిలి ఉందనగా, లాంఛనానికి దాన్ని పరాయికి చూపించారు.

పరాయి ఆ పుటను మొదటి గడి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చూసింది.

"ఇతన్ని చంపేస్తారు," అంది.

"ఏటీ?"

"వీళ్ళు చాలామంది. అతను ఒక్కడు. కొత్తవాణ్ణి చూసి ఒక్కరూ బెదరలేదు. అంటే తప్పించుకోలేడని ముందే తెలుసు. ఆ చెంబులో ఉన్నది ఎర. తాగిన తర్వాత అతని బొమ్మ లేదు. నేనైతే పారిపోతాను."

నూకరత్నం సాపు పుటను పక్కకు తోసేసింది. బల్ల కింద నుంచి రాళ్ళున్న చిత్తు తీసి పెట్టింది.

"ఇందులో వీళ్ళు భయపడ్డారు, కొట్టారు. అడ్డం నిలబడినది దెబ్బ తింది. తన మనుషుల చేతనే దెబ్బ తిని ఇస్తోంది కాబట్టి అది విషం కాదు. నేను ఆగుతాను."

కోదండపాణి లేజరు మీట ముందు కూలబడ్డాడు. "మళ్ళీ సాపు చేసే వేళ లేదు. ముద్ర లేని కాగితం పంపితే నన్ను ఇంటికి పంపిస్తారు."

"మీకు ఇల్లయినా ఉంది డాక్టరుగారూ. ఆ వచ్చినోడు బెదిరిపోతే మళ్ళీ ఏ తరానికి కనిపిస్తాడు?"

ఆయన చిత్తునే లేజరు కింద పెట్టాడు. వేలిముద్రల మరకలతో, చెరిపిన మచ్చలతో ఆ పుల్లమనుషులు వెలుగై చీకట్లోకి వెళ్ళిపోయారు.

ఇద్దరూ తెర ముందు నుంచి లేవలేదు. చాలాసేపటికి నౌక వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. తర్వాత తెర మీద ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి, వానకు ముందు తుంపర పడ్డట్టు వెలుగు చుక్కలు. వాటిలోంచి ఒక పుట తేలింది. అదే పుట. నూకరత్నం మరకలతో సహా.

"మనదే తిప్పి పంపాడేమిటి?" అన్నాడు కోదండపాణి.

"మనది కాదండి. దిద్దాడు. సూడండి." ఆమె వేలు మొదటి గడిలో కొత్తవాడి మీద ఆగింది. వీపు వెనక దాచుకున్న చేతిలో ఒక రాయి ఉంది. ఆమె గీయలేదు. "ఒట్టి చేతుల్తో రాలేదంట. నిజం ఒప్పుకుంటన్నాడు."

కోదండపాణి కళ్ళు తుడుచుకుని చివరి గడి చూశాడు. "నీళ్ళు తాగేటప్పుడు కూడా రాయి పట్టుకునే ఉన్నాడే?"

నూకరత్నం తన చిత్తు దగ్గరికి లాక్కుంది. చివరి గడిలో, నీళ్ళిస్తున్న ఆవిడ వెనక, తొందరలో పై గడిలో ఉన్నవాళ్ళను ఉన్నట్టే దించేసిన ఊరి జనం. అందరి చేతుల్లోనూ రాళ్ళు అలాగే ఉన్నాయి. తను చూసుకోలేదు, డాక్టరు చూడలేదు, భూమండలీ చూడలేదు.

"పరాయీ, నువ్వు చూశావా ఇది?"

"చూశాను."

"మరి చెప్పవేం?"

"అన్ని గళ్ళలోనూ ఉన్నాయి కదా," అంది పరాయి. "అవి మీ చేతులకు పుట్టుకతోనే ఉంటాయనుకున్నాను."