సున్నంబట్టి కాడ పడ్డ పెద్దబండి

పొద్దుగూకినంక మా బస్తీల సున్నంబట్టి పేరెత్తేటోడు లేకుండె.

బహదూర్‌పురా నుంచి పురానాపూల్ దిక్కు పోతుంటే రోడ్డు ఒక్కకాడ ఎడమకు తిరుగుతది. గాడ పాత సున్నంబట్టి. ఎవరు కట్టిచ్చిన్రో, ఎప్పుడు మూతవడ్డదో... కూలిన గోడలు, నడిమిట్ల పెద్ద గుంత. అండ్ల ఒక కూలాయన పడి కాలిపోయిండట. అప్పటిసంది రాత్రిపూట రోడ్డు మీదికొచ్చి మనుషులను పిలుస్తడని చెప్పుకునేటోళ్లు. పిలిస్తే పలుకొద్దు. పలికినోడు మూడు దినాలు బతుకడు.

చీకటివడితే రిక్షావాళ్లు ఆ దిక్కు రాకపోదురు. "నక్కో భాయ్... ఉధర్ నక్కో" అని, ఆ దిక్కు వద్దని దండం పెట్టి మర్లిపోదురు.

మా ఇల్లు ఆ మలుపుకు దగ్గర్లనే. బర్లను సాదుకొని పాలమ్మేటోన్ని. ఈ ముచ్చట్ల నేను కండ్లార చూసింది కొంత, రాజమణి నోటెంట ఇన్నది మిగిలినంత.

రాజమణి మొగడు అంజన్న. జూపార్కుల పులుల బోన్లకు మాంసం ఏసే పని. పొట్టి మనిషి, గుండె మాత్రం గట్టిది. ఒక్క సున్నంబట్టి అంటేనే ఆయన మొఖం మారిపోయేది. దానికి కారణముండె.

మునుపటేడు రాజమణికి నడిరాత్రి నొప్పులొచ్చినయి. కాన్పుల దవాఖాన నది అవతల. రిక్షా మలుపు దాక వచ్చి ఆగింది. అంజన్న కాళ్లు మొక్కిండు. రిక్షావాడు ఇనలే. చుట్టు తిరిగి గల్లీలల్లకెల్లి పోయేటాళ్లకు తెల్లారింది. మొగపిల్లగాడు... దక్కలే.

డెబ్బై ఎనిమిదిల రాజమణి మళ్ల కడుపుతోని ఉన్నది.

"ఈసారి ఎవ్వన్ని బతిమిలాడ. మోటరుసైకిల్ కొంట" అన్నడు అంజన్న.

అప్పటిదాక సైకిల్ తప్ప ఇంకోటి తొక్కినోడు కాదు.

పురానాపూల్ కాడ మైసయ్య షెడ్డు ఉండె. పాత బండ్లు బాగుచేసి అమ్మేటోడు. అంజన్న పెండ్లాన్ని తీస్కొని, తోడుకు నన్ను రమ్మన్నడు. ముగ్గురం పోయినం.

మైసయ్య మంచోడు. ముందుగాల ఒక చిన్న బండి బయటికి తీసి, స్టార్ట్ చేసి చూపిచ్చిండు.

"కూసో అన్నా. కాళ్లు కింద ఆనించు."

అంజన్న కూసున్నడు. రెండు అరికాళ్లు నిండుగ భూమికి ఆనినయి.

"మొదటి బండి అంటే గిట్లుండాలె. పడితే ఒక్కనివే లేపుకోవాలె" అన్నడు మైసయ్య.

అంజన్న ఇంటలేడు. ఆయన చూపు మూలకు ఉండె. గాడ నల్లటి పెద్దబండి ఒకటి. వద్దు వద్దనుకుంటనే మైసయ్య దాన్ని స్టార్ట్ చేసి చూపిచ్చిండు. షెడ్డు రేకులు అదిరినయి. అంజన్న మొఖం ఎలిగిపోయింది.

ఎక్కి కూసున్నడు. కాళ్ల వేళ్లు మాత్రమే కిందికి అందినయి.

"వద్దన్నా. నేర్చినోనికే గిది మాట ఇనదు. నువ్వు ఇంక క్లచ్ ఏందో బ్రేకు ఏందో ఎరుకలేనోనివి."

"సీటు సూడు మైసయ్యా, ఎంత ఎడల్పుందో. నిండు మనిషి కూసోవాలె."

రాజమణి దగ్గరికొచ్చింది. "చిన్నదే తీస్కో. నేను ఎట్లనన్న సర్దుకొని కూసుంట. నీ కాళ్లు ఆనుతలేవు."

అంజన్న ఆమె చెవుల ఏందో అన్నడు. రాజమణి ఎనకకు జరిగింది. ఏమన్నడో నాకు చానొద్దులకు చెప్పింది: "చిన్నదాని సప్పుడు దోమ లెక్కుంది. గీ సప్పుడుకైతే... ఆ బట్టికాడోడు దగ్గరికి రాడు."

నన్నడిగితే నేను చెప్పేటోన్నే, చిన్నదే మంచిదని. అడగలే. నేను గూడ నోరు తెరువలే.

పెద్దబండే కొన్నడు. ఇగ నేర్చుకునుడు. పొద్దటీలి జూపార్కు గోడ పొంటి ఖాళీ రోడ్డు. నేను పాలు పోసొస్తుంటే రోజు కనవడేటోడు. ఒకసారి మోకాలు చెక్కుకపోయింది, ఇంకోసారి కిక్కు ఎనకకు తన్ని పిక్క ఉబ్బింది. రాజమణి రాయి మీద కూసోని నవ్వేది. "పులులు నిన్ను సూసి నవ్వుతున్నయి సూడు" అనేది. నెల తిరిగేటాళ్లకు తిన్నగ పోవుడు వచ్చింది. ఆపుడే... సక్కగ రాలే.

మైసయ్య చెప్పనే చెప్పిండు. "రెండు బ్రేకులు కలిపి మెల్లగ పట్టాలె. ముంగటిదొక్కటే గుంజినవనుకో, బండి నిన్ను ఇసిరేస్తది."

డాక్టరమ్మ చెప్పిన దినానికి ఇరవై దినాలు ముందే నొప్పులొచ్చినయి.

అమాస దగ్గరవడ్డ రాత్రి. గాలి లేదు. అంజన్న మూడు తన్నులకు బండి లేపిండు. రాజమణి ఒక పక్కకు కూసోని, రెండు చేతుల ఆయన నడుం పట్టుకున్నది.

"భయమైతుందా?" అన్నడట.

"నువ్వున్నవు గదా."

మలుపు దగ్గరవడ్డది. అంజన్న పండ్లు గట్టిగ కరుచుకొని, సప్పుడు పెరగాలని రేస్ పెంచిండు. బట్టి గోడలు దగ్గరికొచ్చినయి... ఇంకింత దగ్గరికొచ్చినయి...

రోడ్డు నడిమిట్ల తెల్లగ ఏందో నిలవడ్డది.

అంజన్న కేకేసిండు. చేతికందిన బ్రేకు — ముంగటిది — పానం పెట్టి గుంజిండు.

కంకర మీద చక్రం జారింది. బండి పల్టీ కొట్టింది. రాజమణి రోడ్డు పక్క మట్టిల పడ్డది. లైటు పగిలి చీకటైంది.

కొంచెం సేపటికి ఆమె కండ్లు తెరిచి చూసింది. ఆ తెల్లటిది ఆడనే ఉన్నది. కదులుతున్నది... మెల్లగ ఊపిరి తీస్తున్నది...

ఆవు.

తెల్లటి ఆవు. గడ్డి నెమరేసుకుంట ఇద్దరి దిక్కు చూసింది. తర్వాత తన తొవ్వల తాను పోయింది.

రాజమణికి నవ్వొచ్చిందట. ఆ నొప్పులల్ల గూడ. "ఆవు... ఆవయ్యా!" అన్నది.

అంజన్న నవ్వలే. బండి ఆయన తొడ మీద ఉండె. లేపబోయిండు, ఇంచు గూడ కదల్లే. కింద ఏందో ఇనుము లోపలికి దిగింది. నెత్తురు ఎచ్చగ కారుతున్నది. రాజమణి పాక్కుంట పోయి నూకి చూసింది. అప్పటికే ఆమెకు ఉమ్మనీరు పోతున్నది, నడుం లేస్తలేదు.

"నువ్వు కదలకు. బస్తీ దగ్గరనే ఉన్నది. నేను పిలుస్త" అన్నడు అంజన్న.

పిలిచిండు.

"ఎవరన్నా రాండ్రీ...! అన్నా... రాండ్రీ...!"

కుక్కలు మొరిగినయి. ఒక ఇంటికాడ తలుపు తెరుచుకున్న సప్పుడైంది... దబ్బున మూసుకున్నది. గడియ పడ్డది.

"నేను మనిషినే! అంజన్నను...!"

ఒర్లి ఒర్లి పోయిన గొంతు. పేరు పేరు లెక్క బయటికి రాలే. ఒర్లుడొక్కటే ఇనవడ్డది.

ఆడ పిలిచేటోనికి మా బస్తీల ఎవరు పలుకుతరు?

ఎంతసేపు పిలిచిండో రాజమణికి యాది లేదు. రోడ్డు మీదనే, ఒక్కతే, ఆడపిల్లను కన్నది. చీరె కొంగు చింపి చుట్టింది. బిడ్డ ఏడ్చింది. అంజన్న చెయ్యి చాపిండు. ఆ చెయ్యి బిడ్డ కాళ్లకు తగిలింది.

"ఆడపిల్లనా?"

"ఊ..."

"సల్లగుండాలె" అన్నడు. అటెన్క మాట్లాడలే.

తెల్లారి కూరగాయల బండోళ్లు చూసిన్రు. తల్లీబిడ్డను దవాఖానకు ఎత్తుకపోయిన్రు. అంజన్నను బండి కిందికెల్లి తీసేటందుకు నలుగురు కావాల్సొచ్చింది. మైసయ్య ఉరికొచ్చి ఆ బండి మీద చెయ్యి పెట్టి కూలవడి ఏడ్చిండు.

నల్లా కాడ ఆడోళ్లు అప్పటికి ఇంక చెప్పుకుంటనే ఉన్నరు: "రాత్రి దయ్యం మస్తు ఒర్లింది. పసిపిల్ల లెక్క గూడ ఏడ్చింది..."

పన్నెండో దినం దాటినంక నేను రాజమణి ఇంటికి పోయిన. చెంబు నిండ పాలు తీస్కపోయిన. గడప మీద కూసోని ఉన్నది. ఒళ్లె బిడ్డ పండుకున్నది. ఆ రాత్రి ముచ్చటంత అప్పుడే చెప్పింది, ఏడ్వకుండ, నేల దిక్కు చూసుకుంట.

పాలచెంబు ఆమె పక్కన పెట్టిన. నోటికొచ్చింది అన్న.

"అందరు నిద్రల ఉన్నరు బిడ్డా. ఎవ్వరికి ఇనవడలే. ఇనవడితే రాకపోదుమా..."

రాజమణి తలెత్తి నా కండ్లల్ల చూసింది.

"మీ కిటికిల దీపముండె బాపు" అన్నది మెల్లగ. "ఆయన మొదటిసారి పిలిచినప్పుడు వెలుగుతనే ఉండె. నేను దాన్నే చూసుకుంట ఉన్న... రెండోసారి పిలిచిండు."

బిడ్డను ఇంకింత దగ్గరికి తీస్కున్నది.

"అప్పుడు ఆర్పినవు."