పిడుగు మోకాలు

ఆటల పీరియడ్ అయిపోయింది. అందరూ క్లాసులోకి వెళ్లిపోయినా, పిడుగు మాత్రం కుళాయి దగ్గరే నిలబడి మోకాలు చూసుకుంటోంది. మొన్న పడినప్పుడు గీరుకుపోయిన చోట ఎర్రగా వాచింది. చెయ్యి వేస్తే వేడిగా ఉంది.

ఇంట్లో చెబితే శనివారం పరుగుపందేనికి పంపరు. అందుకే చెప్పలేదు.

ఆ రోజుల్లో పిడుగు వాళ్లు నాన్న అచ్చు ప్రెస్సు వెనక గదుల్లోనే ఉండేవాళ్లు. దుప్పట్లకి కూడా సిరా వాసనే. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు గానీ, ఆ వాసన పిడుగుకి ఇప్పటికీ గుర్తే. సిరా, మిషన్లు తుడిచే కిరసనాయిలు పడక నాన్న చేతుల మీద దద్దుర్లు లేచేవి. డాక్టరమ్మ ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే ఎరుపు ఇట్టే తగ్గిపోయేది.

ఆ సాయంత్రం పిడుగు ఎవరూ చూడకుండా ఆ ట్యూబు తీసి మోకాలికి పట్టించింది. రెండు రోజులకి ఎరుపు పోయింది, వాపు దిగింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

శుక్రవారం పొద్దున కాలు నేల మీద మోపలేకపోయింది. ఒళ్లు కాలిపోతోంది. గాయంలోంచి చీము కారుతోంది. నాన్న సిరా చేతులతోనే ఎత్తుకుని క్లినిక్‌కి పరుగెత్తాడు.

డాక్టరమ్మ గాయం కడుగుతూ అడిగింది. "దీనికి ఏం రాశావు?"

పిడుగు తల దించుకుంది. "నాన్న చేతుల మందు."

"అదా సంగతి. క్రిములు లోపలికొస్తే, వాటిని పట్టి తినేసే తెల్లకణాల్ని నీ రక్తం అక్కడికి చేరుస్తుంది. ఆ ఎరుపూ, వేడీ, వాపూ అందుకే. నువ్వు రాసిన మందు ఆ కణాల్ని రానివ్వలేదు. ఇక క్రిములకి అడ్డేముంది?"

"అంటే వాపు మంచిదేనా?"

"కొంతవరకు మంచిదే. మరీ ఎక్కువైతే అదీ చెరుపే. మీ నాన్న చేతుల్లో క్రిములు లేవు, సిరా పడక వచ్చిన ఉత్త వాపే. అందుకే ఆయనకి ఆ మందిచ్చాను. ఏది ఏమిటో చూసి చెప్పడానికి నేనున్నానుగా."

నాన్న తిట్టలేదు. వీపున మోసుకుంటూ తీసుకొస్తుంటే అన్నాడు. "నాకు చెబితే పందెం మానిపించేవాణ్ణే. అది నిజమే. కానీ నాకు పందెం కన్నా నీ కాలు ముఖ్యం కదమ్మా."

శనివారమంతా పిడుగు మంచం మీదే ఉంది. బడి మైదానం నుంచి ఈలలు, కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

కొన్ని నెలలు గడిచాయి. తెల్లారితే బడి వాళ్ల విహారయాత్ర. పొద్దున్నించీ సన్నగా నొప్పెడుతున్న పిడుగు కాలి బొటనవేలు, సాయంత్రానికి గోరు పక్కన ఎర్రబడి సలపడం మొదలుపెట్టింది. అప్పటికే సంచీ కూడా సర్దేసుకుంది. కాసేపు గడప మీదే కూర్చుండిపోయింది.

తర్వాత లేచి, కుంటుకుంటూ మిషన్ల మధ్యకి వెళ్లి, నాన్న ముందు పాదం చాపింది.

"నాన్నా, ఇది వాచింది. పొద్దున్నించీ నొప్పిగానే ఉంది."