చోడవరంలో విరుగుడు సూది

"నీ తమ్ముణ్ణి చంపినవాడి జాడ దొరికింది," అన్నాడు చీఫ్ కామేశం.

ఏజెంట్ సత్యారావు పిడికిలి బిగుసుకుంది. తమ్ముడు దాసు విశాఖ హార్బర్లో వైర్‌లెస్ ఆపరేటరు. నడుంనొప్పికని ఎవరో మార్ఫియా అలవాటు చేశారు. మాన్పిస్తామని మెథడోన్ బిళ్ళలిచ్చారు. చివరికి ఆ బిళ్ళలూ ఆపేసి, హార్బర్ రహస్యాలు పిండుకున్నారు. సిగ్గుతో దాసు ఉరిపోసుకున్నాడు.

"పేరు డాక్టర్ వోల్కర్. విదేశీ ముఠా. చోడవరంలో నల్లమందు మాన్పించే క్లినిక్ పెట్టేడు. ఈ సాయంత్రం హార్బర్లో ఆయిల్ షిప్ పేలబోతోంది. బాంబెక్కడుందో వాడికే తెలుసు."

కామేశం ఫౌంటెన్ పెన్ను అందించాడు.

"ఇందులో నాలోర్ఫిన్. మార్ఫియాకి విరుగుడు. అలవాటున్నవాడి ఒంట్లో పడిందా, మత్తు దిగిపోయి నరకం కనిపిస్తుంది. వోల్కర్‌కీ ఆ అలవాటుందని క్లినిక్‌లోనే ఉన్న మన డబుల్ ఏజెంట్ కబురు."

పొద్దు వాలేవేళకి వడ్డాది బెల్లం వర్తకుడు బంగార్రాజు వేషంలో సత్యారావు క్లినిక్ మెట్లెక్కాడు. లోపల నరసమ్మ అనే రైతు ఇల్లాలు వోల్కర్ కాళ్ళ మీద పడి ఉంది.

"మా ఆయన వణికిపోతన్నాడు బాబూ! ఒక్క బిళ్ళ ఇయ్యండి!"

"రేపు రా," నవ్వాడు వోల్కర్.

సత్యారావు పళ్ళు కొరుక్కున్నాడు. నల్ల కళ్ళద్దాలు, షిఫాన్ చీరతో నర్సు లక్ష్మీసుందరి ఎదురొచ్చింది.

"గోవాడ చెరుకు తీపేనా?" గొంతు తగ్గించి అడిగిందామె.

"వేరు దాకా."

గుర్తుమాట కలిసింది. పెన్ను ఆమె చేతికి మారింది.

"మీసం ఊడుతోంది, బంగార్రాజూ!" వోల్కర్ పిస్టల్ తీశాడు. "సుందరీ, ముందు నా ఇంజెక్షన్! తర్వాత వీడి సంగతి చూద్దాం."

ఆమె అటు తిరిగి పెన్నులోని మందు సిరంజిలో నింపి, వినయంగా సూది గుచ్చింది.

కాసేపటికి వోల్కర్ ఆవులించాడు. ముక్కు కారింది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. కడుపు పట్టుకుని కూలబడ్డాడు. జారిన పిస్టల్ సత్యారావు అందుకున్నాడు.

"దాసు గుర్తున్నాడా?"

"బిళ్ళ... ఒక్క బిళ్ళ!"

"మా వాడూ ఇలాగే అడిగేడు. బాంబెక్కడ?"

"పంప్ రూమ్... పెయింటు డబ్బాలో!"

లక్ష్మీసుందరి వోల్కర్ ట్రాన్స్‌మిటర్ మీదే హార్బర్‌కి కబురు కొట్టింది. సత్యారావు వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

"వద్దు," అందామె. "కాలిస్తే వాడికే సుఖం."

అతని చెయ్యి మెల్లిగా దిగింది. బల్ల మీది బిళ్ళల సీసా తీసి ఆమెకిచ్చాడు.

"ముందు నరసమ్మ మొగుడికి చూడండి."

అరగంటకి ట్రాన్స్‌మిటర్ గరగరలాడింది. చీఫ్ గొంతు. "బాంబు తీసేసేం! దాని గడియారం ముల్లు ఇంకొక్క గీత కదిలితే షిప్పు లేదు. వోల్కర్ బతికే ఉన్నాడా?"

నేల మీద మెలికలు తిరుగుతున్నవాణ్ణి సత్యారావు తృప్తిగా చూశాడు.

"ఉన్నాడు సార్. ప్రస్తుతం అతని కంప్లైంటు అదొక్కటే."