మూడున్నరకే కార్డు గీసిన మనిషి

జూలై 19. ఉదయం 6:40.

అమెరికాలో సవన్నా రేవు దగ్గరి కొరియా టైర్ల కంపెనీ గోదాములో, ట్రైలర్ సీలు తెంచి తలుపు తీసిన డ్రైవర్ కెవ్వుమన్నాడు. నిలువెత్తు టైర్ల దొంతర వెనక మిన్‌సోక్ శవం.

ముప్పై రెండేళ్లవాడు. లోడింగ్ సూపర్‌వైజర్. సియోల్ నుంచి వచ్చి ఎనిమిది నెలలైనా కాలేదు.

"వడదెబ్బ. నిన్న నాలుగులోపే స్పృహ తప్పి ఉంటాడు," అన్నాడు డాక్టర్.

డిటెక్టివ్ లావర్న్ పింక్నీ వచ్చేసరికి అందరి వేళ్లూ అక్కడే లోడింగ్ పనిచేసే టామీ గ్రైనర్ అనే ఆవిడ మీదే ఉన్నాయి. నిన్న 4:10కి ఆ తలుపు మూసి సీలు వేసింది ఆమే. పైగా ఇద్దరికీ పడదు.

"లోపలికి చూశావా?"

"టైర్లడ్డం మేడమ్, ఏం కనబడుద్ది? రెండుసార్లు కేకేశా. ఎవరూ పలకలా. హాజరు మెషీన్లో చూస్తే 3:30కి కార్డు గీసి డ్యూటీ దిగిపోయాడు. అందరూ దిగాకే నేను తలుపేస్తా."

"మీ ఇద్దరికీ గొడవేంటి?"

"డ్యూటీ అయినా కదిలేవాడు కాదు. అతని పక్కన మేం పనిదొంగల్లా కనబడేవాళ్లం. ఒళ్లు మండేది. అంతమాత్రానికి చంపుతానా?"

"బేడీలు వేసేయమంటారా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఆగవయ్యా. నీకన్నీ తొందరే."

అందరూ నిన్నటి కార్డొక్కటే చూశారు. పింక్నీ రెండు నెలల కార్డులు తెప్పించి, గేటు కెమెరా రికార్డు పక్కన పెట్టుకుని చూసింది. మధ్యాహ్నం రెండింటికి మేనేజర్ హ్వాంగ్‌నీ టామీనీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది.

"ఆరు వారాలుగా మిన్‌సోక్ సరిగ్గా 3:30కే కార్డు గీశాడు. నిమిషం తేడా లేదు. అతని కారు మాత్రం ఏ రోజూ ఏడులోపు గేటు దాటలేదు. అంతసేపూ ఎక్కడున్నాడు, హ్వాంగ్ గారూ?"

హ్వాంగ్ తల దించుకున్నాడు.

"పనిలోనే. నేను కుర్చీలోంచి లేవకుండా అతను ఇంటికెళ్లడు. మా కొరియాలో అంతే, నేనూ అలాగే పైకొచ్చాను. టైముకి దిగిపోవాలని ఇక్కడి ఆఫీసు రూలు పెట్టాక, కార్డు గీసేసి మళ్లీ లోపలికొచ్చేవాడు. నిన్న ట్రైలర్లో వంకరగా పేర్చిన టైర్లు సర్దడానికి వెళ్లుంటాడు."

"మీకు తెలిసే జరిగిందా?"

"తెలుసు. పోయిన వారం అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా."

ఆ మాట అంటూనే పెద్దమనిషి భోరుమన్నాడు. పింక్నీకి కోపం రావలసింది, జాలేసింది.

"నీ మీద కేసు లేదు. ఇంటికెళ్లమ్మా," అంది టామీతో.

టామీ లేవలేదు.

"అతను టైమయ్యాక కూడా పనిచేస్తున్నాడని ఆఫీసుకి కంప్లయింట్ పెట్టింది నేనే మేడమ్. ఆ రూలు నా వల్లే వచ్చింది."

పింక్నీకి తెలుసు. ఆ కంప్లయింట్ కాగితం పొద్దున్నే చదివింది. నలుగురిలో బయటపెట్టడానికి మనసొప్పక ఫైలు అడుగున పెట్టింది. ఇప్పుడు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.