బ్రేకు లేని బండి

బ్రేకు పడలేదా అని అక్షయ అడిగింది. అసలు బ్రేకే ఉండదండీ అన్నాడు అభిలాష్.

విరిగి అతుక్కున్న అతని భుజాన్ని మెల్లగా పైకెత్తిస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ఫిజియోథెరపీకి వచ్చినవాళ్లు నొప్పి మరిచిపోవడానికి జోకులు వేస్తారు. ఈ జోకు మాత్రం ఆమెకు నచ్చలేదు. కాకినాడలో బైకుకు బ్రేకు పడకే ఆమె తమ్ముడు లారీ కింద పడి చనిపోయాడు.

అది జోకు కాదని తర్వాత తెలిసింది. అభిలాష్ పుట్టి పెరిగింది ఇంగ్లండులో. పదిహేనో ఏట నుంచి స్పీడ్‌వే అనే బ్రేకుల్లేని బైకు పందేల్లో పాల్గొంటున్నాడు. మట్టి ట్రాకు మీద నలుగురు, నాలుగు చుట్లు, అన్నీ ఎడమ మలుపులే. కోవిడ్ ఏడాది పోటీలే జరగలేదు, మరుసటి ఏడాది పడి భుజం విరిగింది. మార్చికల్లా రాకపోతే జట్టులో చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో గ్యారేజీ నడిపే మేనమామ సత్యప్రసాద్ దగ్గర చలికాలమంతా సాధన చేయాలని బండితో సహా దిగాడు.

భుజం బాగయ్యాక కూడా అతను రావడం మానలేదు. మా కోచ్ కన్నా మీరే కఠినం అని వేళాకోళం చేసేవాడు. జనవరిలో ఒక సాయంత్రం వాన పడితే గ్యారేజీ షట్టరు కింద ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. తమ్ముడి సంగతి ఆమె అప్పుడే చెప్పింది. అతను వాన వైపు జరిగి నిలబడ్డాడు, ఆమె తడవకుండా.

ఆ వారమే ఆమె ఒక్కతే సత్యప్రసాద్‌ను కలిసి, ఆ బండికి చిన్న బ్రేకు బిగించమని బతిమాలింది. మేనల్లుడి మీద బెంగతో నిద్రపోని మనిషి, కాదనలేక సాధనకు ముందురోజు రాత్రి బిగించాడు.

సెలవు రోజున ఊరవతల ఎడారిలో మరో ముగ్గురితో కలిసి సాధన. చూడ్డానికి అక్షయ కూడా వచ్చింది. ఇంజిన్లు మొదలవబోతుంటే సత్యప్రసాద్ "ఖలాస్, ఇక నావల్ల కాదు" అంటూ బ్రేకు సంగతి చెప్పేశాడు.

అభిలాష్ కోప్పడలేదు. ఆమెకు అదే కష్టంగా అనిపించింది.

"మా నలుగురిలో ఎవరికీ బ్రేకు ఉండదండీ. ముందువాడు ఉన్నట్టుండి ఆగడని వెనకవాడి ధైర్యం. నేను బ్రేకు నొక్కితే వాడొచ్చి నా మీద పడతాడు. ఇద్దరం పోతాం."

అక్షయ ముఖం పాలిపోయింది. "మీకేమైనా అయితే నేను మళ్లీ తట్టుకోలేను. అందుకే చేశాను."

అతను హెల్మెట్ తీసేశాడు. "మానెయ్యమంటే మానేస్తాను. మార్చికి వెళ్లను."

అవతల ముగ్గురు రైడర్లు కాళ్లు నేలకానించి ఎదురుచూస్తున్నారు. వాళ్లకూ ఇళ్ల దగ్గర ఎవరో ఉండే ఉంటారు.

"వద్దు. నన్ను చూసినప్పుడల్లా మీకు మానేసిన బండి గుర్తు రాకూడదు" అంది. సత్యప్రసాద్ చేతిలో పానా తీసుకుని, ఆయన చూపించిన చోట నట్లు తనే విప్పింది.

అభిలాష్ కుడి చెయ్యి చాపాడు. ఇంజిను నుంచి వచ్చిన సన్నని తాడు అతని వేళ్ల మధ్య ఉంది. తను పడిపోతే అది ఊడి ఇంజిను ఆగిపోతుందని, మణికట్టుకు కట్టమని అడిగాడు.

ఆమె ఒక ముడి వేసింది. సరిపోదనిపించి ఇంకొకటి వేసింది.

"మూడోది కూడా వేసెయ్యమ్మా, మీ అమ్మగారితో నేను మాట్లాడతాను" అన్నాడు సత్యప్రసాద్.

అక్షయ తలెత్తలేదు. మూడో ముడి కాస్త గట్టిగానే వేసింది.