విన్నారా?

ముందుగదిలో సోఫా తీసేసి మూడు బల్లలు వేసిన నాటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ కాళ్ళు చాపుకుని కూర్చున్న పాపాన పోలేదు. ఆ రోజు పొద్దున కూడా అంతే. కూతురు ఒక చేత్తో బ్రెడ్డుముక్క పట్టుకుని రెండో చేత్తో టైపు చేస్తోంది. అల్లుడు కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు. కూతురి స్నేహితురాలు మాత్రం వార్తలు తెగ్గోస్తోంది. ఎంతటి వార్తనైనా నాలుగు వాక్యాలకు కుదించడమే ఆ అమ్మాయి పని. అందుకే ఆమెను అందరూ కత్తెర అంటారు.

ఆ మధ్యాహ్నానికి వాళ్ళ యాప్ జనంలోకి వెళ్ళాలి. ఫోనులో వార్తలు చదువుకునే యాప్. చదివే మనిషికి ఏ వార్తలు ఇష్టమో అదే కనిపెట్టి, అలాంటివే ముందు చూపిస్తుంది. ఎలా కనిపెడుతుందో గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించారు: "ఆగితే ఇష్టమే." ఎవరు ఏ వార్త దగ్గర ఎక్కువసేపు ఆగితే వాళ్ళకి అలాంటివి ఇంకా ఇంకా వడ్డించమని. ఈ మూడు బల్లల సంసారమంతా ఆ రెండు మాటలమీదే నడుస్తోంది.

"లిఫ్టెక్కి నాలుగో అంతస్తులో దిగిన మేకట," అంది కత్తెర ఆవలిస్తూ. "ఉంచనా, తీసెయ్యనా?"

"మేక గోల ఎవరిక్కావాలే? తీసెయ్."

అమ్మ టీ పళ్ళెంతో వచ్చింది. పెట్టడానికి బల్లమీద జాగా లేక కాసేపు అలాగే నిలబడింది.

"మీ నాన్న ఇవాళ కూడా టీ ముట్టుకోలేదే."

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ? నేను గోడతో మాట్లాడుతున్నానా?"

"ఈ ఒక్కపూట వదిలెయ్యమ్మా. మధ్యాహ్నం దాటాక నువ్వేం చెప్పినా వింటాను."

"నీ ఒక్కపూట పోయిన ఏడాది మొదలైంది తల్లీ. ఇంకా తెల్లారలేదు."

అల్లుడు ఉలిక్కిపడి లేచాడు. తప్పంతా తనదే అన్నట్టు టీ అందుకున్నాడు. అత్తగారింట్లో ఉంటూ అత్తగారి ముందుగది ఆక్రమించిన మనిషి అంతకన్నా ఏం చెయ్యగలడు పాపం!

పెద్దాయన సంగతి కాస్త చెప్పాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పాడు. రిటైరయ్యాక మైకు పోయింది గానీ గొంతు పోలేదు. పొద్దున్నే పేపరు తెరిచి ఇల్లంతా మోగేలా చదివేవాడు. ఒక్కో వార్తా అయ్యాక తలెత్తి, "విన్నారా?" అనేవాడు. ఎవరో ఒకరు "ఆఁ" అనాలి. అనకపోతే మళ్ళీ మొదటినుంచీ చదివేవాడు. వంటింట్లోంచి అమ్మ, "విన్నాం మహానుభావా, చెవులకు తూట్లు పడుతున్నాయి," అంటే తప్ప పేజీ తిప్పేవాడు కాడు.

ఒక రోజు కూతురు ఎవరితోనో ముఖ్యమైన ఫోన్లో ఉంది. నిద్ర లేదు, అవతలివాళ్ళ మాట సరిగ్గా వినపడటం లేదు. పక్కగదిలోంచి మూడోసారి "విన్నారా?" వచ్చింది. "నీకో దణ్ణం నాన్నా! కాసేపు నోరు మూసుకో!" అని అరిచింది.

ఆయన మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే కూతురికి మనసు పీకి, ఆయన ఫోనులో తమ యాప్ వేసిచ్చింది. "నువ్వే మా మొదటి పాఠకుడివి నాన్నా. నీకేం కావాలో నీకన్నా దీనికే బాగా తెలుస్తుంది, చూస్తూ ఉండు," అంది. తర్వాత పేపరు మానిపించారు. ఇల్లు సద్దుమణిగింది. నిజం చెప్పాలంటే అందరికీ హాయిగానే ఉంది, ఎందుకు అబద్ధం!

"పరీక్షకి చదివిపెడుతున్నవాళ్ళందరిలోకీ మామయ్యగారే నిన్న కూడా ఎక్కువ చదివారు," అన్నాడు అల్లుడు తెర చూస్తూ. వాతావరణం చల్లబరుద్దామని పాపం.

"చూశావా అమ్మా? పొద్దస్తమానం చదువుతున్నాడు. అంత నచ్చింది నాన్నకి."

అమ్మ పళ్ళేన్ని టైపు చేస్తున్న చేతుల పక్కనే ఠక్కున పెట్టింది. టీ ఒలికింది. కత్తెర గబుక్కున వైర్లు పైకెత్తింది.

"నచ్చిందా? కన్నతండ్రి పక్కగదిలో ఉంటే, ఎలా ఉన్నాడో ఆ తెరలో చూస్తావుటే? లేచి వెళ్ళి మొహం చూడు! మాట్లాడి ఎన్నాళ్ళయింది? మొన్న నన్ను కూర్చోబెట్టి కరెంటు బిల్లు ఎలా కట్టాలో నేర్పాడు. నిన్న మంచి చొక్కాలన్నీ తీసి వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. ఎందుకండీ ఇవన్నీ అంటే ఏమన్నాడో తెలుసా? 'వరస చూస్తుంటే మా తరం బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసినట్టే ఉంది' అన్నాడు. నాకు భయమేస్తోందే. నా గుండె చేత్తో పట్టుకుని టీలు మోస్తున్నాను మీకు!"

అమ్మ ఏడుపు అణుచుకునే మనిషి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కూతురి చేతులు మీటలమీద ఆగిపోయాయి.

లోపల పెద్దాయన మంచం అంచున కూర్చుని ఫోను చూస్తున్నాడు. గడ్డం మాసింది. కూతురు పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చాడు.

"ఏదీ నాన్నా, ఏం చదువుతున్నావు?"

ఫోను ఇచ్చాడు. ఆమె వేలితో పైకి జరిపింది. ఎవరో పెద్దమనిషి పోయాడు. ఇంకా జరిపింది. ఎవరో మాస్టారు పోయారు. ఇంకా జరిపింది. గుండెపోటు, నిద్రలోనే కన్నుమూత, సంతాపసభ. ఎంత జరిపినా చావులే. ఒక పెళ్ళి లేదు, ఒక ఆట లేదు, ఒక వాన కబురు లేదు.

"ఇవన్నీ... ఎప్పట్నుంచి నాన్నా?"

"మా డ్రైవరు పోయినప్పట్నుంచి. మూడో నంబరు బస్సు నడిపేవాడు, మంచివాడు. ఫొటో వేశారు. చూస్తూ ఉండిపోయాను." గొంతు బొంగురుపోయి ఉంది. వాడక తుప్పుపట్టిన గొంతు. "మర్నాటినుంచీ ఇవే వస్తున్నాయి."

ఆ ఫొటో దగ్గర ఆగాడు. ఆగాడు కాబట్టి ఇష్టమన్నమాట. గోడమీద ఆ మాట అంటించింది తనే.

"మరి నాకెందుకు చెప్పలేదు? విసుగెయ్యలేదా నీకు?"

"నువ్వే అన్నావు కదమ్మా, నాకేం కావాలో నాకన్నా దీనికే బాగా తెలుసని. రోజూ ఇవే వస్తుంటే, కాబోలు అనుకున్నాను. లోపల ఎక్కడో నాక్కావలసింది ఇదేనేమో, నాకే తెలీడం లేదేమో అనుకున్నాను. నువ్వు కట్టింది తప్పు చెప్పదు కదా."

ఆ చివరిమాట ఎత్తిపొడుపుగా అన్నా ఆమె తట్టుకునేది. ఆయన నమ్మకంగా అన్నాడు. కూతురు తండ్రి భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"తప్పే చెప్పింది నాన్నా. ఆగినంత మాత్రాన ఇష్టమా? అది కట్టినదానికి బుద్ధి లేదు."

"ఛ, ఊరుకో. బస్సు ఆగిన ప్రతిచోటా స్టాపు ఉండదు. ఒక్కోసారి టైరు పంక్చరైనా ఆగుతుంది. యంత్రానికేం తెలుసు?" అని ఆమె వీపు నిమిరాడు. ఓదార్చవలసింది ఎవరినో, ఓదారుస్తున్నది ఎవరో!

కూతురు ముందుగదిలోకి వచ్చి గోడమీద కాగితం పీకేసింది.

"ఇవాళ విడుదల లేదు."

"అందరికీ చెప్పేశాం కదే!" కత్తెర నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "జనం నవ్వుతారు."

"నవ్వనీ. నాన్న టీ తాగలేదని మొత్తుకోవడానికి ఇక్కడ అమ్మ ఉంది. రేపు ఇదే ఫోను పట్టుకుని ఒక్కరే కూర్చునేవాళ్ళకి ఎవరుంటారు?"

అల్లుడు నీరసంగా ఒళ్ళు విరుచుకున్నాడు. "ఆ రూలు తీస్తే సగం మళ్ళీ రాయాలి," అన్నాడు. భార్య మొహం చూశాడు. "రాద్దాంలే. ముందు నిద్రపోదాం." చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళాడు. మూల దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క పేపరు కొనుక్కొచ్చి, "మామయ్యగారూ, మీకే," అంటూ రెండు చేతులా అందించాడు.

పెద్దాయన దాన్ని వెంటనే తెరవలేదు. కూతురి వంక చూశాడు. "ఫోన్లు ఏమైనా ఉన్నాయా మీకు?" అని అడిగాడు.

"ఏమీ లేవు నాన్నా."

బల్ల జరిపి కుర్చీ వేశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదట గొంతు పెగల్లేదు. తర్వాత మెల్లగా దారిలో పడింది. ఒక అపార్టుమెంటులో ఎవరి మేకో లిఫ్టెక్కి నాలుగో అంతస్తులో దిగిందట. అక్కడ ఆరేసిన దుప్పటి సగం తినేసి, మళ్ళీ లిఫ్టు కోసం నిలబడిందట. కత్తెర బల్లమీద తల వాల్చి నవ్వుతోంది. అమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

ఆయన తలెత్తాడు. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడు.

"విన్నారా?"

అమ్మ నోరు తెరవబోయింది. కూతురు చెయ్యెత్తి వారించి, కింద నాన్న కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"వినలేదు నాన్నా. మళ్ళీ మొదటినుంచీ చదువు."